ఆగే చోటు ముందే చూసుకోండి



ఎండాకాలం సెలవులు దగ్గర పడుతున్నాయంటే బ్రిటన్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ల ఇళ్లలో ఒక మాట మొదలవుతుంది. ఈసారి మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని స్కాట్లండ్ చుట్టొద్దామా అని. మోటార్‌హోమ్ అంటే తెలుసు కదా. వ్యాన్ మీద కట్టిన చిన్న ఇల్లు. అందులో మంచాలుంటాయి, గ్యాస్ పొయ్యి ఉంటుంది, ఫ్రిజ్ ఉంటుంది, బాత్‌రూమ్ కూడా ఉంటుంది. ఇక్కడి నుంచి వెళ్లిన అమ్మానాన్నలకు బయటి తిండి సరిపడకపోతే, అందులోనే ఇంత అన్నం వండుకుని, చారు కాచుకుని తినొచ్చు. మంచి ఆలోచనే. నేను వద్దనను.

అయితే ఆ ప్రయాణంలో ఒక రకం రోడ్డు ఎదురవుతుంది. మన ఘాట్ రోడ్ల మీద ఎన్నేళ్లు బండి నడిపినవాళ్లకైనా అది కొత్తే. ఆ రోడ్డు గురించి, దాని మీద పెద్ద బండి నడపాలంటే అలవాటు చేసుకోవాల్సిన ఒకే ఒక్క పద్ధతి గురించి ఈ రోజు చెప్తాను.

స్కాట్లండ్ ఉత్తరాన ఇన్వర్నెస్ అనే ఊరుంది. అక్కడ బయల్దేరి, సముద్రతీరం వెంబడి చుట్టు తిరిగి, మళ్లీ అక్కడికే వచ్చే దారి ఒకటుంది. దాన్ని నార్త్ కోస్ట్ 500 అంటారు. 516 మైళ్లు, అంటే సుమారు 830 కిలోమీటర్లు. రోడ్లు పాతవే. 2015లో వాటన్నిటికీ కలిపి ఆ పేరు పెట్టి ప్రచారం చేశారు. అప్పటి నుంచి బండ్ల రాక బాగా పెరిగింది. ఆ దారి పడమటి వైపున యాపిల్‌క్రాస్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరికి వెళ్లే కొండ దారి పేరు బియాలఖ్ నా బా. పూర్వం పశువులను సంతలకు తోలుకెళ్లిన కనుమ అది. 19వ శతాబ్దం మొదట్లో అక్కడ రోడ్డు వేశారు.

కిషోర్న్ అనే చోట సముద్రపు పాయ ఒడ్డున ఆ ఎక్కుడు మొదలవుతుంది. దాదాపు సముద్రమట్టం నుంచి 626 మీటర్ల ఎత్తుకు వెళ్తుంది. అదీ సుమారు 9 కిలోమీటర్లలోనే. కొన్ని చోట్ల వాలు ఒకటికి అయిదు. అంటే 5 మీటర్లు ముందుకు వెళ్తే 1 మీటరు పైకి లేస్తామన్నమాట. పైకి చేరేముందు హెయిర్‌పిన్ మలుపులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఒక పక్క రాతికొండ, ఇంకో పక్క లోయ. వాతావరణం బాగుంటే పై నుంచి సముద్రం, స్కై దీవి కొండలు కనిపిస్తాయి. మబ్బు దిగితే బండి ముందు పది గజాల రోడ్డు కూడా కనిపించకపోవచ్చు. చలికాలంలో మంచు పడితే ఆ దారిలో వెళ్లడం సాధ్యం కాదు.

ఇంతవరకూ విని, తిరుమల ఘాట్ ఎక్కినవాళ్లం, శ్రీశైలం వెళ్లొచ్చినవాళ్లం, ఇదొక లెక్కా అని మీకు అనిపించవచ్చు. తిరుమలనే తీసుకుందాం. అక్కడ రెండు ఘాట్ రోడ్లున్నాయి. మొదటిది 1944లో వచ్చింది, రెండోది 1974లో వచ్చింది. ఇప్పుడు ఒకటి ఎక్కడానికి, ఇంకొకటి దిగడానికి. అంటే తిరుమల కొండ మీద మనకు ఎదురు బండి రాదు. మలుపులు తిప్పడం అక్కడ వస్తుంది, వాలు మీద గేర్లు మార్చడం వస్తుంది. ఎదురుగా వచ్చే బండికి దారి ఇవ్వడం మాత్రం అక్కడ నేర్చుకోలేం. యాపిల్‌క్రాస్ దారిలో కావాల్సింది సరిగ్గా అదే.

ఎందుకంటే ఆ రోడ్డు ఒక్క బండి పట్టేంతే ఉంటుంది. సింగిల్ ట్రాక్ రోడ్డు అంటారు. వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు అందరూ దాని మీదే. కొంత దూరానికి ఒకటి చొప్పున రోడ్డు పక్కన కాస్త వెడల్పు చేసి ఉంచుతారు. దాన్ని పాసింగ్ ప్లేస్ అంటారు. అక్కడ కర్రకు తెల్లని పలక ఉంటుంది. రెండు బండ్లు ఎదురుపడితే ఒకటి ఆ చోట ఆగాలి, రెండోది దాటి వెళ్లాలి. ఆ రోడ్డు నడిచేది ఇలాగే.

ఈ రోజు నేను చెప్పదలుచుకున్న పద్ధతి ఇది. ఆగే చోటు ముందే చూసుకోండి. ఎదురు బండి కనపడ్డాక వెతుక్కోవడం కాదు. కనపడక ముందే, నేను ఆగాల్సి వస్తే ఎక్కడ ఆగుతాను అన్నది మీకు తెలిసి ఉండాలి.

పొలం గట్టు గుర్తు తెచ్చుకోండి. ఎదురుగా ఒకరు నెత్తిన వరిమోపుతో వస్తున్నారు. మనం ఖాళీ చేతులతో వెళ్తున్నాం. వాళ్లు మీదికొచ్చేదాకా నడుస్తామా? నడవం. గట్టు కాస్త వెడల్పుగా ఉన్న చోట ముందే పక్కకు జరిగి నిలబడతాం. మోపు ఉన్న మనిషిని వెనక్కి నడవమని అడగం. వాళ్లు మనల్ని దాటాకే కదులుతాం. ఆ కొండ దారి మీద మర్యాద కూడా అదే.

ఇక బండి నడిపే సీట్లో ఉన్నప్పుడు ఇది ఎలా చేయాలో చూద్దాం. ఒక పాసింగ్ ప్లేస్‌ని దాటారు. వెంటనే మీ చూపు తర్వాతి తెల్ల పలక కోసం వెతకాలి. అది కనిపించిందా? ఆ పలకకూ మీకూ మధ్య రోడ్డు ఖాళీగా ఉందా? అయితే వెళ్లండి. పలక కనపడటం లేదు, మలుపు అడ్డొచ్చింది. అప్పుడు వేగం బాగా తగ్గించండి. వదిలి వచ్చిన చోటు వెనకాల ఎంత దూరంలో ఉందో గుర్తుంచుకోండి. ఎందుకంటే మలుపు అవతల బండి ఉంటే మీరు వెనక్కి వెళ్లాల్సిన చోటు అదే. దూరంగా కొండ పైన రెండు మలుపుల అవతల బండి అద్దం తళుక్కుమందనుకోండి. చేతికందిన చోటు దగ్గరే ఆగిపోండి. ఇంకొక్కటి దాటేద్దాం అనుకోకండి. అరనిమిషం ముందు ఆగితే పోయేదేం లేదు. అరనిమిషం ఆలస్యంగా ఆగితే ఇద్దరూ ఇరుక్కుపోతారు.

కారుకీ మోటార్‌హోమ్‌కీ తేడా ఇక్కడే. చిన్న కారు ఎక్కడ ఆగినా ఏదోలా సర్దుకుంటుంది. మోటార్‌హోమ్ 6 మీటర్లు, 7 మీటర్లు పొడవుంటుంది. ఒక పాసింగ్ ప్లేస్‌ని ఒక్కటే నింపేస్తుంది. అందుకే కారు నడిపేవాళ్ల కంటే మీరు ఇంకా ముందుగా చూసుకోవాలి.

ఒక నియమం దగ్గర మనవాళ్లు తడబడతారు. జాగ్రత్తగా వినండి. బ్రిటన్‌లో కూడా మనలాగే ఎడమ పక్కనే నడపాలి. పాసింగ్ ప్లేస్ మీకు ఎడమ వైపున ఉంటే అందులోకి వెళ్లి ఆగండి. కుడి వైపున ఉంటే మాత్రం అందులోకి వెళ్లకండి. దాని ఎదురుగా, రోడ్డు మీదే ఆగండి. ఎదుటి బండి ఆ వెడల్పు చోటులోకి తిరిగి మిమ్మల్ని దాటుతుంది. మళ్లీ చెప్తున్నాను. ఎడమ వైపున ఉంటే లోపల ఆగండి. కుడి వైపున ఉంటే ఎదురుగా ఆగండి. మీరు కుడివైపుకి వెళ్లి ఆగితే, ఎదుటి మనిషికి ఏ పక్క నుంచి పోవాలో తెలియదు.

ఎక్కేవాళ్లకు ముందు దారి ఇవ్వాలి. బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ వీలైనప్పుడల్లా అలా ఇమ్మని చెప్తుంది. మన దేశపు నియమం కూడా అంతే. ఇరుకు కొండ దారిలో దిగేవాళ్లు ఆగి, ఎక్కేవాళ్లను పోనివ్వాలి. నిటారు వాలు మీద ఆగిన బండిని మళ్లీ పైకి లాగడం ఎంత కష్టమో బండి నడిపేవాళ్లందరికీ తెలుసు. ఆ కొండ ఎక్కడమంటే సైకిల్ తొక్కేవాళ్లకు మహా ఇష్టం. చెమటలు కక్కుతూ ఎక్కుతుంటారు. మీరు దిగుతూ ఉంటే ఆగండి, వాళ్లను ఒక్క తొక్కు కూడా ఆపకుండా పోనివ్వండి.

లైట్ల సంగతి కూడా చెప్పాలి. మన రోడ్ల మీద ఎదుటి బండి లైటు కొట్టిందంటే, నేను వస్తున్నాను, నువ్వు ఆగు అని. అక్కడ ఇరుకు రోడ్డు మీద పక్కకు ఆగినవాళ్లు లైటు కొడితే ఎక్కువగా దానికి తిరగేసి అర్థం. నేను ఆగాను, నువ్వు రా అని. రెండు అలవాట్లు ఎదురెదురైతే ప్రమాదమే. అదీకాక, హైవే కోడ్ ప్రకారం లైటు కొట్టడమంటే ఇక్కడ నేనున్నాను అని తెలియజేయడం మాత్రమే. కాబట్టి లైటును నమ్ముకోకండి. ఎదుటి బండి చక్రాలు చూడండి. నిజంగా ఆగాయా? ఆగితేనే కదలండి. దాటేటప్పుడు స్టీరింగ్ మీంచి నాలుగు వేళ్లు పైకెత్తండి. అక్కడ అందరూ అలా ఎత్తుతారు. కృతజ్ఞత చెప్పడం అన్నమాట.

ఆగే చోటు ఎదురొచ్చేవాళ్ల కోసమే అనుకోకండి. వెనకాల వచ్చేవాళ్ల కోసం కూడా. ఇది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. మీరు సెలవుల్లో ఉన్నారు. నెమ్మదిగా కొండలు చూసుకుంటూ వెళ్తున్నారు. మీ వెనకాల వచ్చే కారులో ఉన్నది ఆ ఊరి మనిషి. పనికి వెళ్తుండవచ్చు. బడి నుంచి పిల్లల్ని తెచ్చుకుంటుండవచ్చు. ఆ ప్రాంతానికి పెద్దాసుపత్రి ఇన్వర్నెస్‌లో ఉంది. యాపిల్‌క్రాస్‌లో గర్భిణికి నొప్పులు మొదలైనా, ఎవరికైనా గుండెల్లో నొప్పొచ్చినా, వెళ్లాల్సింది ఈ ఇరుకు రోడ్ల మీదే. అద్దంలో వెనక బండి కనపడగానే, వచ్చే పాసింగ్ ప్లేస్‌లో ఎడమకు తీసి, ఇండికేటర్ వేసి, వాళ్లని పోనివ్వండి. హారన్ కొట్టేదాకా ఆగకండి. అక్కడివాళ్లు మామూలుగా హారన్ కొట్టరు. ఓపికపట్టి వెనకే వస్తుంటారు. ఆ ఓపికను చూసి వాళ్లకు తొందర లేదనుకోకూడదు.

అదే కారణంగా పాసింగ్ ప్లేస్‌లో బండి నిలపకూడదు. ఫోటో కోసం నిలపకూడదు. టీ పెట్టుకోవడానికి నిలపకూడదు. రాత్రి పడుకోవడానికి అసలే నిలపకూడదు. మీరు ఒక చోటు ఆక్రమిస్తే, ఆ రోడ్డు మీద ఆగే చోటు ఒకటి తగ్గిపోయింది. కొండ పైన బండ్లు ఆపుకునే స్థలం వేరే ఉంది. ఫోటోలు అక్కడ తీసుకోండి. రాత్రికి క్యాంప్‌సైట్ ముందే బుక్ చేసుకోండి.

రెండు మూడు కుటుంబాలు కలిసి రెండు మూడు మోటార్‌హోమ్‌లలో వెళ్తుంటే ఇంకో మాట. ఒకదాని వెనకాల ఒకటి ఆనుకుని వెళ్లకండి. ఒక పాసింగ్ ప్లేస్‌లో మూడు పట్టవు. మధ్యలో చాలా దూరం వదిలి నడపండి. భోజనాల దగ్గర కలుసుకోవచ్చు.

వెనక్కి నడపాల్సి వస్తే ఏం చేయాలి? వస్తుంది, తప్పదు. అందుకే బండి తీసుకున్న రోజునే ఏదైనా ఖాళీ స్థలంలో రివర్స్ సాధన చేయండి. మోటార్‌హోమ్‌కు వెనక చక్రాల తర్వాత కూడా ఒకటిన్నర, రెండు మీటర్ల బాడీ ఉంటుంది. ముందు ఒక పక్కకు తిప్పితే ఆ వెనక భాగం రెండో పక్కకు విసురుతుంది. కొత్తవాళ్లు రాళ్లకు తగిలించేది ఎక్కువగా అక్కడే. వెనక కెమెరా ఉన్నా సరే, ఒకరు దిగి దారి చూపించండి. దిగినవాళ్లు బండికి సరిగ్గా వెనకాల నిలబడకూడదు. డ్రైవరు అద్దంలో కనిపించేలా పక్కగా నిలబడాలి. అద్దంలో వాళ్లు కనపడకపోతే బండి అక్కడికక్కడే ఆపేయాలి. ఇంకొకటి, తారు దాటి పక్కనున్న గడ్డి మీదికి చక్రం దించకండి. చూడటానికి గట్టిగా ఉంటుంది. చాలా చోట్ల గడ్డి కింద నీరు పట్టిన మెత్తటి నేల ఉంటుంది. మూడు టన్నుల బండి చక్రం దిగబడిపోతుంది.

బరువు గురించి క్లుప్తంగా చెప్తాను. మామూలు కారు లైసెన్సుతో నడిపే మోటార్‌హోమ్‌ల మొత్తం బరువు సాధారణంగా 3500 కిలోలు దాటకూడదు. అందులో మనుషులు, సామాను, నీళ్లు అన్నీ లెక్కే. 100 లీటర్ల ట్యాంకు నింపితే 100 కిలోలు పెరిగినట్టే. బియ్యం, కుక్కరు, మిక్సీ, ఆవకాయ జాడీ అన్నీ కింది అరల్లో సర్ది తలుపులు బిగించండి. వాలు మీద పై అర తెరుచుకుంటే జాడీ నేరుగా మనిషి మీదికే వస్తుంది. బయల్దేరే ముందు గ్యాస్ సిలిండర్ వాల్వు మూసేయండి.

దిగేటప్పుడు మన డ్రైవర్లు చెప్పే పాత మాట అక్కడ కూడా పనికొస్తుంది. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీద కాలు వదలకుండా దిగితే బ్రేకులు వేడెక్కుతాయి. వేడెక్కిన బ్రేకు పట్టు తగ్గుతుంది. కాలిన వాసన వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైంది. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఆటోమేటిక్ బండి అయితే చిన్న గేరును చేత్తో ఎలా పెట్టాలో అద్దెకిచ్చేవాళ్లను అడిగి తెలుసుకుని మరీ బయల్దేరండి. గేరులో నెమ్మదిగా దిగే బండికే, ముందే చూసుకున్న చోట ఆగడం వీలవుతుంది.

అంతా చెప్పాను కదా అని పెద్ద మోటార్‌హోమ్‌తో బియాలఖ్ నా బా ఎక్కమని నేను చెప్పడం లేదు. ఎక్కవద్దనే చెప్తున్నాను. ఆ కొండ దారి మొదట్లో పెద్ద బోర్డు ఉంటుంది. బండి నేర్చుకుంటున్నవాళ్లకు, చాలా పెద్ద వాహనాలకు, వెనకాల తగిలించి లాగే కారవాన్‌లకు మొదటి మైలు తర్వాత ఈ దారి మంచిది కాదని దాని మీద రాసి ఉంటుంది. అది సలహా మాత్రమే, నిషేధం కాదు కదా అని కొందరు ముందుకెళ్తారు. పెద్ద బండి హెయిర్‌పిన్ మలుపులో తిరగలేక నిలిచిపోతే, వెనకాల, ముందర రెండు వైపులా రోడ్డు ఆగిపోతుంది. ఇరుక్కున్న బండి ఒకటి, ఇబ్బంది ఊరందరిదీ.

యాపిల్‌క్రాస్ చూడాలని ఉందా? తప్పకుండా చూడండి. దానికి ఇంకో దారి ఉంది. షీల్డేగ్ అనే ఊరి దగ్గర నుంచి సముద్రం ఒడ్డున చుట్టు తిరిగి వెళ్లే రోడ్డు. సుమారు 40 కిలోమీటర్లు. 1970లలో పూర్తయింది. అంతకు ముందు కొండ మీద మంచు పడితే యాపిల్‌క్రాస్‌కు బయటి ఊళ్లతో రోడ్డు సంబంధమే ఉండేది కాదు. ఆ తీరపు రోడ్డు కూడా ఒక్క బండి పట్టేదే. గొర్రెలు రోడ్డు మధ్యలో పడుకుని ఉంటాయి. కానీ ఆ నిటారు వాలు, ఆ హెయిర్‌పిన్‌లు దాని మీద లేవు. నేను చెప్పిన పద్ధతి పాటిస్తే మోటార్‌హోమ్‌తో హాయిగా వెళ్లిరావచ్చు. వేసవిలో అక్కడ రాత్రి పది గంటల దాకా వెలుగుంటుంది. తొందర పడాల్సిన పనే లేదు. కొండ మీదికే వెళ్లాలనిపిస్తే, క్యాంప్‌సైట్‌లో పెద్ద బండి ఉంచి, చిన్న కారు దొరికితే దానిలో వెళ్లండి.

ఈ మాటలు వింటున్న పెద్దవాళ్లకు ఒక మనవి. మీ అమ్మాయో, అబ్బాయో ఈ వేసవిలో అలా వెళ్తున్నామని చెప్పారా? ఈసారి ఫోన్ చేసినప్పుడు మూడు సంగతులు అడగండి. బండి పొడవెంత? అద్దాలతో కలిపి వెడల్పెంత? ఎత్తెంత? ఆ మూడూ అడుగుల్లోనూ, మీటర్లలోనూ కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించుకోమని చెప్పండి. ఆ కొలతలు తెలియకుండా, వెనక్కి నడపడం సాధన చేయకుండా, ఇన్వర్నెస్ దాటవద్దని చెప్పండి.